తట్ట పెట్టుకోకుండా తిన్నది

నేత్రావతి ఉపవాసం మొదలుపెట్టింది దేవుడి కోసం కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే సత్యనారాయణపేటలో ఆమె ఉండే వీధి వీధంతా ఆమెకేదో మొక్కు ఉందని చాలా రోజులు నమ్మింది. ఆమెకు ఉన్నది మొక్కు కాదు, షుగరు. ఇంకా పూర్తిగా రాలేదు, గడప దాకా వచ్చి నిలబడింది అన్నాడు డాక్టరు. మోక అనే పల్లెలో ఉన్న ఆమె తల్లి వెంకటరామికి అదే షుగరు కాలివేళ్ళు తీసేసింది. మాత్రలు మొదలైతే తర్వాత పోయేవి వేళ్ళేనని నేత్రావతి నమ్మకం. అలా ఏం కాదని డాక్టరు చెప్పినా చెవికెక్కలేదు. అమ్మ పాదానికి కట్టు మార్చింది తానే మరి.

"రోజూ పదహారు గంటలు కడుపు ఖాళీగా పెట్టి చూడమ్మా. తగ్గితే సరే, తగ్గకపోతే మాత్ర రాస్తా" అన్నాడాయన.

ఇలాంటి ఉపవాసం గురించి ఫోన్లో చెప్పేవాళ్ళకు కొదవలేదు. దీన్ని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారంటారు. పెద్దలు కనిపెట్టింది వేరు. నేత్రావతి అత్త సుంకలమ్మ సోమవారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆ పగలంతా అన్నం మెతుకు ముట్టదు, ఉగ్గాణి మాత్రం గిన్నెడు తింటుంది. ఉగ్గాణి బొరుగులతోనూ, బొరుగులు బియ్యంతోనూ చేస్తారని ఆమెకు గుర్తుచేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఇక ఫోన్లో చెప్పేవాళ్ళను చూస్తే, వాళ్ళెవరూ పొద్దున్నే పిల్లలను బడికి తయారుచేస్తున్నట్టు కనిపించరు.

నేత్రావతికి ఆ పని ఉంది. మేఘకు జడలు, చిన్నవాడు యోగేశ్‌కు షూలు, ఇద్దరికీ డబ్బాలు. భర్త ఉమేశ్ స్పేర్ పార్టుల అంగడి తెరవాలని అప్పటికే తన బండి తీసుంటాడు. పిల్లలను తన స్కూటర్ మీద బడి దగ్గర దింపి ఆమె జీన్స్ కుట్టే యూనిట్‌కు చేరాలి. ఉతికి వచ్చిన ప్యాంట్లలో మచ్చలు, ఊడిన గుండీలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. కాబట్టి పొద్దున తిండి మానడమే సులువనుకుంది. రాత్రి అన్నం తర్వాత మళ్ళీ మధ్యాహ్నం యూనిట్‌లో డబ్బా విప్పేదాకా నల్ల టీ తప్ప ఏమీ లేదు.

"ఏమ్మే, యా దేవునికి ఈ ఒక్కపొద్దు?" అంది సుంకలమ్మ.

"షుగరు దేవునికి అత్తా."

"ఆయప్ప నాకు తెలీదే. టెంకాయ కొట్టాల్నా?"

"వద్దు. చక్కెర పెట్టకుంటే సాలు."

పిల్లలు లేచిపోయాక తట్టల్లో మిగిలింది మాత్రం నేత్రావతి నిలబడే నోట్లో వేసుకునేది. అది తినడం కాదు, తట్ట కడగడంలో ఒక భాగం. తనకంటూ తట్ట పెట్టుకుని, కూర్చుని, వడ్డించుకుంటేనే తిన్నట్టు. ఏ తల్లీ దీన్ని వేరేగా లెక్క కట్టినట్టు వినలేదు. అన్నం పరబ్రహ్మమని చెప్పేవాళ్ళంతా తినగలిగినంత తిని లేచిపోతారు. మిగిలిన పరబ్రహ్మాన్ని మింగాల్సింది గిన్నెలు తోమే మనిషే.

మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగలేదు. పైగా కాస్త ఎక్కింది.

"పొద్దున ఏం తింటావమ్మా?"

"ఏమీ తినను సార్."

అబద్ధమాడుతున్నానని ఆమెకు అనుమానం కూడా రాలేదు. ఇంకో నెల చూద్దామన్నాడాయన. ఆ నెల నేత్రావతి ఇంకా బిగించింది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పితే ఆమె బయటికి వెళ్ళి నిలబడేది, సాయంత్రం టీ గంట దాకా డబ్బా ముట్టేది కాదు. ఆకలికి పని మీద ధ్యాస నిలిచేది కాదు. గుండీ లేని ప్యాంటును బాగుందని పంపేసి సూపర్‌వైజరుతో మాట పడింది. ఇంట్లో చెంచా కిందపడినా అరిచేది. ఆపైన మేఘకు కొత్త జబ్బు పట్టుకుంది: దోసె పెట్టినా, ఉగ్గాణి పెట్టినా సగం తిని "సాకు" అని లేచిపోయేది. బడిలో మాటలన్నీ కన్నడమే, ఇంట్లోనూ చాలు అనడం మరిచిపోయింది పిల్ల.

"నోరు పెరిగిండాది దీనికి" అని గొణుక్కుంటూ నేత్రావతి ఆ సగాన్ని రెండు ముద్దల్లో మింగి బండి తాళం వెతుక్కునేది.

ఒక రోజు పొద్దున యూనిట్‌కు బడి నుంచి ఫోన్ వచ్చింది. ప్రేయర్ లైన్‌లో మేఘ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది, గ్లూకోజ్ నీళ్ళు తాగించాం, వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. నేత్రావతి చేతిలో ప్యాంటు అక్కడే పడేసి పరిగెత్తింది. గేటు బయట పిల్లను బండి ముందు నిలబెట్టి అడిగింది.

"యాల సగం వదులుతాండావే? బాగా లేదా?"

"బాగుంటాది."

"మరి?"

"అది నీకు."

"నాకేంది?"

"నువ్వు తట్ట పెట్టుకోవు గదా మా. మా తట్టలో ఉండేదే తింటావు. యోగేశ్ మొత్తం తినేస్తాడు, వానికి బుద్ధి లేదు. అందుకే నేను ఎక్కువ వదులుతా."

షుగరు ఎందుకు దిగలేదో, పిల్ల ఎందుకు పడిపోయిందో నేత్రావతికి ఒక్కసారే తెలిసింది. పిల్లను బండి ఎక్కించి ఇంటికి తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున పిల్లల మధ్య కూర్చుంది, తన తట్టతో. యూనిట్‌లో మధ్యాహ్నం డబ్బా తింది. ఉపవాసాన్ని రాత్రికి మార్చి, తిండి అక్కడితో ఆపేసింది. ఆ రాత్రి పిల్లలకూ అత్తకూ వడ్డించి, తాను గోడకానుకుని కూర్చుంది.

అప్పుడు తెలిసింది అసలు కష్టం. పొద్దున తినని ఆడదాన్ని ఎవరూ చూడరు. రాత్రి తినకపోతే మాత్రం దానికి ఆ ఇంట్లో ఒకటే అర్థం: అలిగింది. సుంకలమ్మ కోడలినేమీ అడగకుండా నేరుగా అంగడికి ఫోన్ చేసింది. ఉమేశ్ మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేనేమంటినే?"

"నువ్వేమనలేదప్పా. ఆకలైతాంది, అంతే."

"ఆకలైతే తిను."

"తినకూడదనే గదా కూసున్న్యా."

"ఆడది రాత్రి పస్తు పండుకుంటే ఇంటికి మంచిది కాదు" అంది సుంకలమ్మ, కోడలికి వడ్డించిన తట్ట ముందుకు తోస్తూ.

"కాలివేళ్ళు పోతే మంచిదా అత్తా?"

సుంకలమ్మ ఆ తట్ట వెనక్కి లాక్కుంది. తట్టలో అన్నం తిరిగి గిన్నెలో పోసి, మూత గట్టిగా పెట్టింది.

"రేపు పొద్దున చిత్రాన్నం చేస్తా. అదైనా తింటావా, దానికీ యాదో రూలుందా?"

"తింటా."

ఉమేశ్ పొట్లం విప్పాడు. నూనె వాసన గదంతా కమ్మింది. యోగేశ్ రెండు చేతులతో అందుకున్నాడు. మేఘ తన మిర్చి సగం కొరికి, మిగిలిన సగం తట్ట అంచున పెట్టి తల్లి వైపు చూసింది.

"అది నువ్వే తినాల" అంది నేత్రావతి.

"నీకు ఆకలన్న్యావు గదా."

"అన్న్యా. అయినా నువ్వే తినాల. అయిపోయేదాకా నేనీడనే కూసుంటా."

కూర్చుంది. మేఘ నమిలినంతసేపూ ఆకలికి నేత్రావతి మోకాలు ఊగుతూనే ఉంది.