యానాంలో దాటిపోయిన ముహూర్తం

మొన్న ఒంగోలు నుంచి మా చెల్లెలు కార్డు రాసింది. టీచరు ఉద్యోగం నుంచి విరమించిందట, తీరిక దొరికింది గనుక ఒకసారి యానాం చూసివద్దాం రమ్మంటుంది.

పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయరాదని చట్టం వచ్చిన కొత్తలో మన పెద్దలు చూపిన తెలివి నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చట్టం ఇంగ్లీషువాళ్ళది, యానాం ఫ్రెంచివాళ్ళది. అక్కడ తాళి కడితే అడిగే నాథుడు లేడు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే మా నాయన, కన్నుమూసేలోగా మనుమరాలి పెళ్ళి చూడాలని మా అవ్వ పట్టుబట్టగా కాదనలేక, పదేళ్ళ చెల్లెలిని రైలెక్కించాడు. సభల్లో బాల్యవివాహాల మీద గొంతు చించుకొనే కాలేజీ కుర్రాణ్ణి, ఇంట్లో మూడు రోజులు వాదించి ఓడిపోయి, నేనూ వెంట వెళ్ళాను.

ముహూర్తం మేము దిగిన సత్రంలోనే, పన్నెండు గంటలకు. పొద్దున్నే చెల్లెలు ఊరు చూస్తానని మారాం చేస్తే, పదకొండులోపల సత్రానికి తీసుకురమ్మని నాయన నాకు అప్పగించాడు. పసుపు పాదాలతో, నా వేలు పట్టుకొని, సున్నం కొట్టిన మేడలనూ ఎర్రటోపీ పోలీసునూ చూస్తూ తాపీగా నడిచింది. ఒక బడి కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడి, లోపలి పిల్లల చేతుల్లోని పలకలు చూసి, "అన్నా, మన రాయే" అని మురిసిపోయింది. మా గుండ్లకమ్మ ఏట్లో ఇసుక తప్ప ఎరగని పిల్ల, గోదావరి గట్టెక్కి అన్ని నీళ్ళూ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. చూస్తూనే అడిగింది.

"పెండ్లి అయినాంక గూడా నన్ను బడికి పంపిస్తారా, అన్నా?"

అవతల పడవలున్నాయి, చూద్దాం రమ్మని ఇంకా ముందుకు నడిపించాను. చర్చి గంటలు మోగుతుంటే వేళ్ళ మీద లెక్కపెట్టి, పన్నెండని తనే చెప్పింది.

రెండింటికి సత్రం చేరేసరికి, అపశకునమని మగపెళ్ళివారు మూటలు కట్టుకొని వెళ్ళిపోయారు. అవ్వ ఏడుస్తోంది. ముహూర్తాలు బూటకమని వాదించే నన్ను ఆ రోజు ముహూర్తమే గట్టెక్కించింది. దారి తప్పామన్నాను. ఆ ఊళ్ళో వీధులు గీత గీసినట్టుంటాయి, దారి తప్పడం ఎవరికీ సాధ్యం కాదు. నాయనకూ ఆ సంగతి తెలుసు. నా వంక ఒక్క చూపు చూసి, అరుగు మీద కూర్చొని, చెల్లెలి పాదాలు ఒళ్ళోకి తీసుకొని ఒత్తసాగాడు.

"బాగా తిప్పినాడా తల్లీ, మీ అన్న? రేపు పొద్దున్నే పోదాం. బడికి నాగా అయితాది."

ఇప్పుడు యానాంలో ఫ్రెంచి జెండా లేదు, సరిహద్దూ లేదు. చట్టాన్ని దాటడానికి రైలెక్కనక్కర లేకుండా మన పల్లెల్లోనే దాటుతున్నారు, అది వేరే వ్యాసం. ఆ రోజు నాయన మీద నేనే గెలిచానని ఏళ్ళ తరబడి అనుకొన్నాను. పెళ్ళి వద్దన్నవాడి చేతికే ఆ పొద్దున పిల్లను ఎందుకు అప్పగించాడో తెలిసేసరికి, చెప్పుకోవడానికి ఆయన లేడు.

వస్తానని చెల్లెలికి రాశాను. ఈ మోకాళ్ళతో ఏటిగట్టు చేరడానికి ఒక పూట పడుతుంది. పట్టనీ. పదకొండులోపల రమ్మనేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?