నా బార్నకిల్ చుట్టాలు

ఆ రోజుల్లో బెంగళూరులో నాకు తెలిసిన ప్రాణులు ఒక రెండు వందలుండేవి. అన్నీ ఒకే గాజుగిన్నెలో ఈదుతుండేవి. ఓడల రంగులు పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో, హొసకోటె దగ్గర, మూడు నెలల తాత్కాలిక ఉద్యోగం నాది. ఓడల అడుగున గుల్లలు కట్టే బార్నకిల్ అనే జీవి పిల్లల్ని డబ్బాల్లో తెప్పించిన సముద్రపు నీళ్ళలో పెంచాలి. (ఈ సంగతి చెబితే మా ఇంటి ఓనరు, గదిలో చేపలు వండకూడదని మరోసారి హెచ్చరించాడు.) ఆ పిల్ల కొన్నాళ్ళు ఈది, అక్కడా ఇక్కడా తడిమి చూసుకుని, నచ్చినచోట తల అతికించుకుని ఇక జన్మంతా కదలదు. రంగు వాటిని ఆపుతోందని తేలాలంటే, ముందు రంగు వేయని గాజుపలక మీద అవి అతుక్కోవాలి; అప్పుడే పరీక్ష చెల్లుతుంది. లేకపోతే నా ఉద్యోగమూ చెల్లదు.

రెండు విడతలు ఒక్కటీ అతుక్కోలేదు. తప్పు నాదే. గదికి వెళ్ళి చేసేదేమీ లేక, సాయంత్రాలు ఆ పలకల్ని సబ్బుతో, వేడినీళ్ళతో తళతళలాడేలా తోమేవాణ్ణి. మా సీనియర్‌ని అందరూ ఉప్పునీళ్ళక్క అనేవాళ్ళు. వాళ్ళు తరతరాలుగా బెంగళూరు కాటన్‌పేటలో ఉంటున్న తెలుగువాళ్ళు. ఆమె పలక చూసి, "ఇంత తోమితే ఎవరొస్తారప్పా? ముందు ఎవరో ఉండిన గుర్తు ఉండాల వాటికి" అంది. పలకను పాత సముద్రపు నీళ్ళలో జిగురు పట్టేదాకా నానబెట్టి, పక్కన ఒక పాత గుల్ల పెట్టించింది. శుక్రవారానికి పదకొండు అతుక్కున్నాయి. ఉద్యోగం నిలిచింది.

"ఆదివారం మా ఇంటికి రాప్పా. ఇల్లంతా జనం ఉండారు, నువ్వొకడు ఎక్కువైనా తెలీదు" అంది అక్క. ఆ మాట ఎవరైనా అంటారా అని నెలన్నరగా ఎదురుచూస్తున్నవాణ్ణి, "మావాళ్ళొస్తున్నారక్కా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళి, రెండు రోజులుగా పలకంతా తిరుగుతున్న ఒక పిల్లను, "ఎక్కడో ఒకచోట ఆగరాదట్రా" అని మందలిస్తూ కూర్చున్నాను. వెనక అక్క. గిన్నెలో నీళ్ళు మార్చడానికి వచ్చిందట. నన్నూ గిన్నెనూ చూసి, "మీవాళ్ళు వీళ్ళేనా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నవ్వలేదు. నీళ్ళు మార్చి, "లెయ్యప్పా, బస్సుకి పోదాం" అంది. "ఇదొక్కటి అతుక్కున్నాక వస్తానక్కా" అన్నాను. ఆమె చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా అది అతుక్కుంది. నేను సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

అక్క మళ్ళీ పిలవలేదు. ఇప్పటికీ ఎవరైనా భోజనానికి పిలిస్తే ముందు నా నోటికొచ్చేది "పనుంది" అనే. కాకపోతే ఈమధ్య, ఆ మాట పూర్తికాకముందే చెప్పులు వేసుకుంటున్నాను.