నింగప్ప కట్టిన పొట్టి తాడు

మా ఇంటాయన నింగప్ప పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సండూరు గనుల దగ్గర ఖనిజం లారీ తోలినన్నాళ్లు, ఘాట్‌లో ఆగిపోయిన బండ్లను ఎన్నిటినో లాగాడు. గొలుసు పొట్టిగా కడితేనే వెనక బండి చెప్పినట్టు వింటుందనేది ఆయన వేదం. లారీ పని తగ్గాక మా కప్పగల్లు నుంచి మల్పె రేవుకు పోయి చేపల బోటు ఎక్కాడు. తాను పోయినవాడు ఊరుకున్నాడా, తమ్ముడు యోగేశ్‌ను కూడా పిలిపించి ఇంకో బోటులో పెట్టించాడు. సముద్రం ముఖమే ఎరగని మనుషులకు అంత తెగువ ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు.

మొన్న వానలు తగ్గి బోట్లు మళ్లీ కదిలిన రోజుల్లో, యోగేశ్ ఉన్న బోటు అడుగున తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. గాలి లేచింది. అలలు బోటును అడ్డంగా తిప్పి కొడుతుంటే లోపలికి నీళ్లు రాసాగాయి. దగ్గర్లో ఉన్నది మా ఆయన బోటే. దాన్ని నడిపే తండేలు ఉమేశ్ పక్కగా పోయి తాడు అందించాడు. చుట్ట మొత్తం వదలమని, తాడు నీళ్లలోకి వేలాడుతుంటేనే అల కుదుపును ఓర్చుకుంటుందని కన్నడంలో గట్టిగా చెప్పి చుక్కాని దగ్గరికి పోయాడు.

తాడు వదిలే పని నింగప్పది. వదిలేకొద్దీ తమ్ముడు దూరమవుతున్నాడు. అల లేచినప్పుడల్లా ఆ బోటు అసలు కనపడకుండా పోతోంది. మళ్లీ కనిపించేదాకా ఈయన ప్రాణం ఈయన దగ్గర లేదు. అవతల యోగేశ్ బోటు ముందు కొసన నిలబడి, "నీళ్లొస్తాండాయి, వదలొద్దన్నా" అని అరుస్తున్నాడు. అంతే, చుట్ట సగం మిగిలుండగానే ఈ మహానుభావుడు తాడు బిగించి కట్టేశాడు. ఘాట్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

తర్వాతి అలకు ఈ బోటు పైకి లేచింది, ఆ బోటు కిందికి జారింది. తాడు ఫట్‌మని తెగింది. తెగిన కొస ఎగిరిపోయి యోగేశ్ ముఖాన్ని కొట్టింది.

రెండో తాడును ఉమేశ్ దగ్గరుండి మొత్తం వదిలించాడు. మెల్లమెల్లగా లాగుతూ రేవుకు చేర్చారు. బోటు దక్కింది, అందులోని మనుషులు దక్కారు. యోగేశ్ ఎడమ కన్ను మాత్రం దక్కలేదు.

కట్టుతో ఇంటికొచ్చిన యోగేశ్, "అలకు జారి పడితినమ్మా" అన్నాడు మా అత్త కొట్రమ్మతో. నింగప్ప తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది. జరిగిందంతా నా దగ్గర చెప్పి ఏడ్చిన మనిషి తల్లి ముందు నోరు విప్పడేం?

"ఏమప్పా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

చెప్పాడు. "వాడు కనపడకుండా పోతాంటే ఓర్చుకోలేకపోతినమ్మా. తాడు పొట్టిగా కట్టింది నేనే. అది తెగే వాడి కన్ను పోయింది."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. మా అత్త చిన్నకొడుకు కట్టు మీద చేయి వేసింది.

"అన్న అనేటోడు తమ్ముణ్ని దగ్గరికి తీసుకోక యాడికి తోస్తాడప్పా" అంది.

ఆ మాటకు మా ఆయన లేచి బయటికి పోయి, గోడకు తల ఆనించి ఏడ్చాడు. పట్టుబట్టి చెప్పించిన నాకు, ఆమె తిట్టినా బాగుండేదనిపించింది.