గెడ్డపోడి పక్షాన మా అత్తయ్య

మంగళవారం పొద్దున్న ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. అప్పుడు నేను పెందుర్తిలో మా ఇంట్లో ఆవిడ కోసమే జావ కాస్తున్నాను. స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మా అత్తయ్యకీ నాకూ పడదని కాలనీ అంతటికీ తెలుసు. అందుకని పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ఏడుపు చూసి కాస్త కంగారుపడ్డారు. వాళ్ళకు చెప్పలేకపోయినది మీకు చెప్పుకుంటున్నాను.

పడదంటే పోట్లాడుకున్నామని కాదు. పోట్లాడుకుని ఉంటే ఎప్పుడో సర్దుకునేది. ఆవిడది విజయనగరం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా వాళ్ళు స్టీలు ప్లాంటు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. కొడుకు తనను అడక్కుండా నన్ను చేసుకున్నాడని ఆవిడకు కష్టం. ఆ కష్టం నా మీద చూపిస్తున్నారని నాకు కోపం. ఆవిడ నాతో నేరుగా మాట్లాడేవారు కాదు, గోడతో మాట్లాడేవారు. "ఉప్పు అయిపోనాది" అని గోడకు చెబితే, నేను కొట్టుకెళ్ళి తెచ్చి, "ఉప్పు వచ్చింది" అని ఆ గోడకే అప్పజెప్పేదాన్ని. నేనూ తక్కువ తిన్నదాన్నేం కాదు. నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి, గ్లాసు నా మంచం పక్కన పెట్టి, "సల్లారిపోతంది" అని మళ్ళీ గోడకే చెప్పి వెళ్ళేవారు.

శనివారం సాయంత్రం మాత్రం గోడకు సెలవు. ఆ రోజు టీవీలో విదేశీ కుస్తీల కార్యక్రమం వచ్చేది. మామయ్య పోర్టులో పనిచేసే రోజుల్లో, వన్ టౌన్‌లో అద్దెకున్నప్పుడు, ఇద్దరూ కలిసి చూసేవారట. మామయ్య పోయాక కూడా ఆవిడ ఆ అలవాటు వదల్లేదు. హిందీ వ్యాఖ్యానం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అక్కర్లేదు కూడా. కుస్తీవాళ్ళకు పేర్లు ఆవిడే పెట్టుకున్నారు. వాళ్ళలో గెడ్డపోడు, అంటే గడ్డంవాడు, ఆవిడ మనిషి. రిఫరీ అటు తిరగ్గానే కుర్చీ ఎత్తి వెనక నుంచి బాదే దుర్మార్గుడు. వాడికి విరోధి నీలం చెడ్డీవాడు, నవ్వుతూ వచ్చి పిల్లలకు చెయ్యందించే మంచివాడు. అత్తయ్య గెడ్డపోడి పక్షమని తెలిసిన రోజునే నేను నీలం చెడ్డీ పక్షంలో చేరిపోయాను.

"ఆ నవ్వు సూసి మోసపోకండి," అనేవారు టీవీతో. "ఇంటికొచ్చినాక తెలుస్తాది. అంట్లు సింకులో వొదిలేసి తొంగుంటాడు."

"గడ్డం ఆయన మాత్రం తక్కువా?" అనేదాన్ని నేనూ టీవీతోనే. "ఒక్క మాటంటే వారం రోజులు మనసులో పెట్టుకుంటాడు. అందుకే ఆ బీపీ."

"బీపీ ఊరికే వొస్తాదేటి? ఎవులు తెప్పించినారో!"

ఇద్దరి మధ్యా ఉడకబెట్టిన వేరుశనక్కాయల బేసిన్ ఉండేది. ఎంత అరుచుకున్నా అందులోంచే ఇద్దరం తీసుకుని తినేవాళ్ళం. పక్కన కూర్చున్న మా ఆయనకు మాత్రం కుస్తీ ఒక్కటే కనిపించేది. "ఎందుకమ్మా అంత ఆవేశం? ఎవడు గెలవాలో ముందే అనుకుంటారు. అదంతా నాటకం" అన్నారొకసారి.

"నాకు తెల్దేట్రా? నాటకమైతే మట్టుకు, పడినోడికి నడుం నొప్పెట్టదేటి?" అన్నారు అత్తయ్య.

మా అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు కొన్నాళ్ళు గాజువాకలో ఉండిపోయాను. తిరిగొచ్చింది శనివారం నాడే. టీవీలో నీలం చెడ్డీవాడు కనిపించగానే అత్తయ్య, "వొచ్చినాడు," అన్నారు. "ఈడు లేకపోతే మరీ సప్పగుంది. కొట్టుకోడానికైనా ఇద్దరుండాల." నేను లేని వారాల్లో వాడు కూడా రాలేదు కాబోలు అనుకున్నాను. వాడు ప్రతి వారమూ వచ్చాడనీ, అత్తయ్యే కాసేపు చూసి టీవీ కట్టేసి లేచిపోయేవారనీ మా ఆయన తర్వాత చెప్పారు. ఆ మాట విన్నాక వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఊరికే నిలబడ్డాను. పట్టరాని సంతోషం కలిగింది.

ఈ ఏడాది ఆవిడ గుండె బాగా బలహీనపడింది. చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు తిండి మానేశారు. మాత్ర వేసుకోమంటే మొహం తిప్పేసుకునేవారు. ఆవిడే వద్దనుకుంటే మేం మాత్రం ఏం చేయగలమని డాక్టరు అన్నాడు. మొన్న శనివారం సాయంత్రం మా ఆయన మందులకని కిందికి వెళ్ళారు. నేను ఫోన్లో కుస్తీ పెట్టి ఆవిడ కళ్ళ ముందు పట్టుకున్నాను. ఆ రోజు గెడ్డపోణ్ణి చితకబాదుతున్నారు. వాడు వెల్లకిలా పడ్డాడు. ఇంకెప్పుడైనా అయితే మంచం అదిరేలా అరిచి ఉండేవారు. ఆ రోజు కళ్ళు మూసుకున్నారు.

నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ వాడు ఓడిపోవాలని మొక్కుకున్నదాన్ని, ఫోన్లోకి చూస్తూ, "లేవయ్యా!" అన్నాను. "ఇంత తొందరగా పడిపోతే ఎలా? ఇన్నాళ్ళూ నీ మీదే కదా నేను నోరు చేసుకున్నది. నువ్వు లేకపోతే నాకు ఆ ఇంట్లో ఎవరున్నారు?"

అత్తయ్య కళ్ళు తెరిచారు. సూది గుచ్చిన చేత్తోనే ఫోన్ పక్కకు నెట్టారు.

"ఆడికెందుకు సెప్తావు? ఆడికి తెలుగొచ్చేటి?" అన్నారు, నా మొహంలోకే చూస్తూ. "నాకు సెప్పు."

ఫోన్ దుప్పటి మీద బోర్లా పెట్టేశాను. చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. అంట్ల గురించి కూడా చెప్పాను. ఆవిడ వింటూ, మధ్యలో నవ్వుతూ, నా చెయ్యి వదలకుండా పట్టుకున్నారు. ఫోన్లోంచి జనం కేకలు వస్తూనే ఉన్నాయి. ఎవరు గెలిచారో మేమిద్దరం చూడలేదు.