ఠక్‌ఠక్ టీచర్

మా తోడికోడలు నోటితో కన్నా వేలి కణుపుతోనే ఎక్కువ మాట్లాడేది. మూడో తరగతి పిల్లల మధ్య తిరుగుతూ, ఎవరి లెక్క తప్పినా తిట్టేది కాదు, ఎక్కడ తప్పిందో చెప్పేదీ కాదు. మధ్యవేలు మడిచి బల్ల మీద రెండుసార్లు కొట్టేది. ఠక్, ఠక్. మళ్ళీ చూసుకో అని దానర్థం. పిల్లలు తల గీరుకుని, తప్పు తామే పట్టుకుని, తామే దిద్దుకునేవాళ్ళు. బడి మొత్తానికి ఆమె ఠక్‌ఠక్ టీచర్.

ఇంట్లోనూ అదే రోగం. నా కూరలో ఉప్పెక్కువైతే పళ్ళెం పక్కన ఠక్, ఠక్.

"ఉప్పెక్కువైందని చెప్పడానికి నోరు పడిపోయిందా తల్లీ?" అనేదాన్ని.

"చెబితే ఒప్పుకుంటావా అక్కా?"

ఒప్పుకోను. అది వేరే సంగతి.

మా మరిది పోయినా ఆమె ఈ ఇంట్లోనే ఉండిపోయింది. కడుపున పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమంటే, "నా పిల్లలకి ఎవరు చెబుతారు?" అంది. ఆ పిల్లలు ఏడాదికోసారి మారిపోతారన్న సంగతి ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. బడి వరండా చివర తన క్లాసు గది, రేకులు కత్తిరించే కొట్టు వైపు ఒక కిటికీ, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ. ఆమె ఆస్తి అదే.

ఆ ఏడు పరీక్షలు పెట్టే పద్ధతికి కొత్త నిబంధనలు వచ్చాయి. అన్ని బళ్ళకూ ఒకే ప్రశ్నపత్రం, ఒకే సమయం. జవాబు రాసే పని లేదు. ప్రతి ప్రశ్నకూ వరుసగా కొన్ని సున్నాలుంటాయి, సరైనదాన్ని పెన్సిలుతో నింపాలి. దిద్దేది మిషను. గోడల మీద ఎక్కాలు, బొమ్మలు కనపడకూడదు. పిల్లలు వెనక్కి తిరగకూడదు. టీచరు తన చేతికిచ్చిన కాగితంలో ఉన్నదే చదవాలి. మాట కలపకూడదు, సైగ చేయకూడదు, పిల్లల కాగితాల్లోకి తొంగి చూడకూడదు. ఎవరేమడిగినా చెప్పాల్సిన జవాబు ఒకటే.

గోడల మీద కప్పడానికి పాత దుప్పట్లు చింపి పరదాలు నేనే కుట్టిచ్చాను. ఎక్కాలకు చలేస్తోందా అని అడిగితే నవ్వింది. వంటింట్లో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఆ కాగితం వల్లె వేసేది.

"టీచర్, నాకిది అర్థం కాలేదు," అన్నాను.

"నీకు తెలిసినంత చెయ్యి."

"టీచర్, కడుపు నొప్పి."

"నీకు తెలిసినంత చెయ్యి."

"టీచర్, ఇల్లు కాలిపోతోంది."

"నీకు తెలిసినంత... అక్కా, పొయ్యి మీద నిజంగానే ఏదో మాడుతోంది."

హెడ్మాస్టరు ముందే చెప్పేశాడట. "చూడమ్మా, మన బడికి అసలే మార్కులు తక్కువ. పైవాళ్ళు కాచుక్కూర్చున్నారు. ఏ గదిలో నిబంధన తప్పితే ఆ టీచరుకి ఇక క్లాసుండదు. నేనడ్డం పడలేను."

ఆ మాట నాకు చెప్పి తన వేళ్ళకేసి చూసుకుంది. "జీతం వస్తుందక్కా. గదే ఉండదు."

"చేతులు వెనక్కి కట్టుకుని తిరుగు."

"దొంగలాగా?"

"పోలీసులాగా అనుకో."

పరీక్ష రోజు అలాగే తిరిగింది. సగం దాకా బాగానే నడిచింది. ఆఖరి వరుసలో ఎడమచేతి వాటం పిల్ల ఒకతి ఉంది, చురుకైన పిల్ల. ఒక ప్రశ్న రాక వదిలేసింది. ప్రశ్నయితే వదిలింది గానీ దాని సున్నాల వరుస వదల్లేదు. అక్కణ్ణుంచి ఒకదాని జవాబు ఇంకోదానికి పడుతూ పోయింది. అన్నీ తెలిసిన పిల్లకు అన్నీ తప్పులే. తొంగి చూడకూడదు, నిజమే. జీవితమంతా పిల్లల కాగితాలు చూసిన కళ్ళు గోడకేసి చూడమంటే చూస్తాయా? వెనక కట్టిన చెయ్యి ఎప్పుడు ముందుకొచ్చిందో తనకే తెలియదట.

ఠక్, ఠక్.

ఆ పిల్ల చూసుకుంది, రబ్బరు తీసింది. అక్కడితో ఆగితే బాగుండేది. చప్పుడు గదంతా వినపడింది. కొట్టింది ఎవరి బల్ల మీదో వెనక్కి తిరిగి చూడ్డానికి లేదు. దాంతో ప్రతి పిల్లా అది తనకే అనుకుంది. గదిలో ఉన్న రబ్బర్లన్నీ బయటికొచ్చాయి. ఒప్పు చెరిపి తప్పు పెట్టారు, తప్పు చెరిపి ఇంకో తప్పు పెట్టారు.

"ఆపండర్రా అని నోటిదాకా వచ్చిందక్కా. ఆ కాగితంలో ఆ మాట లేదు."

"మరేమన్నావు?"

"మీకు తెలిసినంత చెయ్యండి అన్నాను."

అది విని ఇంకా గట్టిగా చెరిపారట.

మిషనుకు ఠక్‌ఠక్ సంగతేం తెలుసు? చెరిపిన మరకలే తెలుసు. ఒక్క గదిలో అన్ని మరకలుంటే, టీచరు జవాబులు అందించినట్టే లెక్కట. విచారణకు మనుషులొస్తున్నారని కబురొచ్చింది.

"కిటికీ అవతల రేకుల కొట్టుంది. చప్పుడు వాళ్ళ మీదికి తోసెయ్యి," అన్నాను.

"పిల్లల్నీ అడుగుతారక్కా."

"నీ పిల్లలేగా. నీ మాటే చెబుతారు."

"అదే నా భయం. వాళ్ళు అబద్ధం చెబుతుంటే నా వేలు ఊరుకోదు."

ఆ అవసరం రాలేదు. వచ్చిన పెద్దమనిషి గదిలో నిలబడి, "మీ టీచరు జవాబులు చెప్పారా?" అని అడిగాడు. ఎడమచేతి వాటం పిల్లే ముందు లేచింది.

"మా టీచరు ఎప్పుడూ చెప్పరు సార్. ఠక్‌ఠక్ అంటారంతే. మాకే తెలిసిపోతుంది."

పొగిడితే టీచరుకు మేలు జరుగుతుందని ఆ పిల్ల ఆశ. ఆయన రాసుకుని, "మీరేమైనా చెప్పుకుంటారా?" అని ఈమెను అడిగాడు.

"పిల్ల సరిగ్గానే చెప్పింది," అంది మా తోడికోడలు. రేకుల కొట్టు మాటే ఎత్తలేదు.

ఆ గది పిల్లల పరీక్ష కొట్టేశారు. ఆమెకు ఊరి చివర గోదాములో పని వేశారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చే ఏటి ప్రశ్నపత్రాల కట్టలకు సీళ్ళు వేస్తుంది. అక్కడ మాట్లాడే పని లేదు, దిద్దే పని అంతకన్నా లేదు. పాత గదిలో ఇప్పుడు ఎవరో కొత్తాయన చెబుతున్నాడు. నేను కుట్టిన పరదాలు గోడల మీద అలాగే ఉన్నాయట. మళ్ళీ పరీక్షకు ఎలాగూ కప్పాలి కదా, తీయడం దండగన్నారట.

మొన్న కావాలనే కూరలో ఉప్పు గుమ్మరించి ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పళ్ళెం పక్కన వేలు మడిచింది. మడిచిన వేలు కాసేపు అలాగే ఉండి, మెల్లగా విప్పుకుంది. నీళ్ళు తాగుతూ పళ్ళెం ఖాళీ చేసింది.

"ఉప్పెలా ఉంది?" అన్నాను.

"సరిపోయిందక్కా," అంది.