మూడో అంతస్తు తాళం

ఆ తలుపు తెరిచినవాడి చెయ్యి అక్కడికక్కడే విరిచి పారేస్తామని సచివాలయం గేటు ముందు మైకులో అరిచింది చెవులాయనకు సొంత బావ. అక్క మొగుడు. పొద్దున్న తొమ్మిదింటికి ఆ మాట గోడ దాటి లోపలి గుమాస్తాలందరికీ వినిపించింది. చెవులాయనకు మరీ బాగా వినిపించింది. ఆ భవనంలో తాళాలు తెరిచేవాడు తనొక్కడే.

అతను తాళాల మేస్త్రీ. తాళంచెవులు చేస్తాడు గనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు, పనిచేసేటప్పుడు కళ్లు మూసుకుని తలుపుకి చెవి ఆనిస్తాడు గనుక వచ్చిందని కొందరు. నలభై దాటిన మనిషి. ఆ నాలుగంతస్తుల్లో ఏ బీరువా మొరాయించినా, ఏ అధికారి తాళంచెవి పారేసుకున్నా ఇరవై రెండేళ్లుగా అతన్నే పిలుస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా అతను టెంపరరీయే. ఒక్క తాళం ముందు కూడా ‘రాదు’ అని లేచింది లేదు. అతనికున్న ఆస్తల్లా ఆ పేరూ, కుడిచేతి మూడు వేళ్లూ. ఆ వేళ్లు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ముగ్గురు మంత్రులు ఒకేసారి రాజీనామా చేసి అయిదు రోజులైంది. ఇద్దరు కార్లు అప్పగించి మర్యాదగా ఇంటికి పోయారు. మూడో అంతస్తు మంత్రి మాత్రం రాజీనామా ఇచ్చాడు గానీ తాళంచెవి ఇవ్వలేదు. గదికి తాళం వేసి, జేబులో పడేసుకుని వెళ్లిపోయాడు. ఆ తాళం ఉన్నన్నాళ్లూ మంత్రి ఆయనేనని అనుచరులు నమ్మారు. ముఖ్యమంత్రి నమ్మలేదు. మంత్రివర్గాన్నే మార్చేశాడు. కొత్తవాళ్ల ప్రమాణం పదకొండింటికి. పన్నెండింటికి కొత్తాయన ఆ గదిలో కూర్చుని ఫొటో దిగాలి.

ఆ అనుచరుల్లో ముందుండే బావకి టైర్ల కొట్టు ఉంది. ఆ వారం రోడ్ల మీద తగలబడిన పాత టైర్లన్నీ ఆ కొట్లోవే. జీవితంలో మొదటిసారి సరుకు మిగలకుండా పోయిందని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు. అక్కకు మాత్రం నవ్వు రాలేదు. తెల్లవారగానే తమ్ముడికి ఫోన్ చేసి, మీ బావ మాటా వినకు, ఆఫీసర్ల మాటా వినకు, జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకో అని బతిమాలింది. పడుకోలేకపోయాడు. టెంపరరీ వాడికి జ్వరం కూడా అధికారి సంతకంతోనే రావాలి.

గేటు దగ్గర బావ మైకు ఇంకొకడి చేతికిచ్చి, బామ్మర్దిని భుజం పట్టుకుని వ్యాను వెనక్కి లాక్కెళ్లాడు.

“నిన్నే పిలుస్తారురా.”

“పిలిస్తే వెళ్లాలి కదా బావా.”

“వెళ్లు. పావుగంట గీకు. రాదని చెప్పు. రెండక్షరాలు. నీ నోరేం అరిగిపోదు.”

“నేను చేసిన తాళం అది. నాకే రాదంటే నవ్వుతారు.”

“నవ్వనీ. నవ్వితే ఎముకలు విరగవు.” బావ గొంతు తగ్గించాడు. “నాతో ఉన్నవాళ్లందరూ నా మాట వినేవాళ్లు కాదురా. మైకు నా చేతిలో ఉంది, అంతే.”

మూడంతస్తుల మెట్లూ ఎక్కుతూ చెవులాయన ఆ రెండక్షరాలే వల్లె వేసుకున్నాడు.

గది ముందు భవనం బాధ్యత చూసే ఇంజనీరు చెమటలు తుడుచుకుంటున్నాడు. ఇద్దరు పోలీసులు కిటికీలోంచి కిందికి చూస్తున్నారు. తాళం రంధ్రంలో ఎవరో జిగురు పోసి, అగ్గిపుల్లలు విరిచి కుక్కారు. చెవులాయన సంచి విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, పుల్లలు ఒక్కొక్కటే పీకాడు. ద్రావకం చుక్కలు వేసి జిగురు కరిగించాడు. ఈలోగా మొదటి రాయి కింద అద్దం పగలగొట్టింది. రెండోది ఎవరి తలకో తగిలింది. ఆ అరుపు మూడో అంతస్తు దాకా వచ్చింది.

తాళం లోపల, చెవి తిప్పితే లేచే అయిదు మీటలు. ఎనిమిదేళ్ల కిందట తను ఆకురాయితో రుద్ది అమర్చినవే. సన్న తీగ పెట్టి చెవి ఆనించాడు. మూడు లేచాయి. నాలుగోది మొండికేసింది. ఇదే సమయమనుకున్నాడు. నోరు తెరిచాడు.

“రాదా ఏంటయ్యా?” ఇంజనీరు ఫోన్ తీశాడు. “కట్టర్ వాణ్ణి పిలుస్తా.”

ఆ కట్టర్ వాడు వచ్చుంటే చెవులాయన చెయ్యి దక్కేది. ఆ సంగతి అతనికి తెలియకపోలేదు. కానీ తన తాళాన్ని మిషనుతో కోస్తారనేసరికి ఒళ్లు మండింది. “రెండు నిమిషాలాగండి సార్” అన్న మాట దానంతట అదే జారిపోయింది.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగోది, అయిదోది ఒకదాని వెంట ఒకటి లేచాయి. తలుపు తెరుచుకుంది. లోపల ఒక కుర్చీ, ఎండిపోయిన పూలకుండీ, నెలలు చించని క్యాలెండరు. కాగితం ముక్క లేదు. ఇన్ని టైర్లు కాలింది దీనికోసం.

అప్పుడే గేటు కూలింది. మెట్ల మీద వందల చెప్పుల చప్పుడు. పోలీసుల్లో ఒకడు లాఠీ ఎత్తాడు గానీ, అదే లాఠీతో మూతి పగిలి కూలబడ్డాడు. రెండోవాడు వెనక మెట్ల వైపు పరుగెత్తాడు. ఇంజనీరు గదిలోకి దూరి లోపల గడియ పెట్టేసుకున్నాడు. చెవులాయన తలుపు మీద బాదాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక తలుపు తెరవమని ఇంకొకణ్ణి బతిమాలాడు. తెరవలేదు.

జనం అతన్ని గోడకేసి నొక్కేశారు. నేల మీద పనిముట్లు కనపడుతూనే ఉన్నాయి. ఎవడో జుట్టు పట్టి తల గోడకు కొట్టాడు. ఇంకొకడు కడుపులో తన్నాడు. వాళ్లను తోసుకుంటూ బావ ముందుకొచ్చాడు.

“ఆగండి. తలుపు వేసే ఉంది కదా. ఒరేయ్, రాదన్నావు కదూ? చెప్పు.”

చెవులాయన నోట్లో రక్తం. మింగి, చెప్పాడు. “రాలేదు బావా.”

గుంపు ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణంలో తలుపు లోపల్నుంచి ఇంజనీరు ఏడుపు గొంతు వినిపించింది. “నాకేం సంబంధం లేదు. తెరిచింది వాడే. నేను కాదు.”

తెరవని గదిలో మనిషెలా ఉంటాడు? చెవులాయన కుడిచేతిని గడప మీదికి లాగి, మణికట్టు మీద మోకాలు వేసి నొక్కారు. ఒకడు ఇనపరాడ్డు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. మైకులో చెప్పింది నువ్వేగా అన్నాడు. బామ్మర్దయితే తప్పిస్తావా, నువ్వు మనోడివా వాళ్లోడివా అని ఇంకొకడు ఎగతాళి చేశాడు.

మొదటి దెబ్బ బావ గడపకు తగిలేలా వేశాడు. అందరూ చూశారు. ఒకడు బావ చెంప మీద కొట్టాడు. రెండో దెబ్బ వేళ్ల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు తాళం చప్పుడు కంటే చిన్నది. మూడోది కూడా బావే వేశాడు, కళ్లు మూసుకుని. ఆ తర్వాత రాడ్డు వేరేవాళ్లు లాక్కున్నారు.

వాళ్లు ఆపింది జాలి పుట్టి కాదు. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. చివరి నిమిషంలో ముఖ్యమంత్రితో రాజీ కుదిరిందట. తమ మంత్రి కూడా కొత్తవాళ్లతో పాటే ప్రమాణం చేశాడట. ఇంతకు ముందున్న శాఖ కంటే పెద్దదిచ్చారు, గది నాలుగో అంతస్తులో. రాడ్డు కింద పారేసి ఒకళ్లనొకళ్లు భుజాల మీదికెత్తుకున్నారు. జిందాబాద్ కొడుతూ మెట్లు దిగిపోయారు. మూతి పగిలిన పోలీసును కూడా ఒకడు కౌగిలించుకున్నాడు.

బావ ఒక్కడే మిగిలాడు. బామ్మర్దిని వీపు మీద వేసుకుని ఆసుపత్రికి మోశాడు. దారి పొడవునా ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఆ మాటలు చెవులాయన చెవికెక్కలేదు.

మధ్యాహ్నం కట్టు కట్టిన డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. రెండు వేళ్లు ఉన్నా లేనట్టే, మూడోది తీసేయాలి. తర్వాత వాంగ్మూలం రాసుకోవడానికి హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. మంచం పక్కన అక్క నిలబడి ఉంది. ఏం జరిగిందో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. బావ వంగి, బామ్మర్ది మొహం దగ్గర మొహం పెట్టాడు.

“చెయ్యి తలుపు సందులో పడి నలిగిందని చెప్పరా. రేపే మంత్రిగారితో మాట్లాడి నీ ఉద్యోగం పర్మనెంటు చేయిస్తా. మీ అక్క మీద ఒట్టు.”

“ఏ పనికి బావా?” అన్నాడు చెవులాయన. “ఇంక నేనేం తెరుస్తాను?”

బావ మొహం వెనక్కి తీసుకున్నాడు.

చెవులాయన కానిస్టేబులు వైపు తిరిగాడు. “మా బావ. ఇనపరాడ్డుతో. రెండు దెబ్బలు ఆయనవి. మిగతావి ఎవరివో చూడలేదు, స్పృహ పోయింది.”

కానిస్టేబులు కలం ఆపి బావ చొక్కాకున్న మంత్రి బొమ్మ బిళ్ల చూశాడు. ఇవాళ మంత్రి అయినవాడి మనిషి, ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఇంట్లో విషయం ఇంట్లో చూసుకోవచ్చు కదా అన్నాడు. చెవులాయన చెప్పిందే మళ్లీ చెప్పాడు. రాసేదాకా మూడుసార్లు చెప్పాడు.

సంతకం చేసే చెయ్యి లేదు. ఎడమ బొటనవేలికి సిరా రాశారు. అట్ట లేక కాగితం మంచం మీద జారిపోతోంది. అక్క తన మొగుడి వైపు చూడలేదు. ముందుకొచ్చి కాగితం రెండంచులూ వేళ్లతో నొక్కి పట్టుకుంది.

“వెయ్యి” అంది.