కోడలిని ఎగరేసిన ఫ్లెక్సీ

2023 ఎండాకాలం. సిరిసిల్లలో నా ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణం. వెనక సందులో మరమగ్గాలు, మావాళ్ల మాటలో సాంచాలు, పగలంతా టకటకా ఆడుతూనే ఉంటాయి. అందుకే నా దగ్గరికి వచ్చే గిరాకీలు గుసగుసలు కూడా గట్టిగానే చెబుతారు. పుట్టినరోజు, పెండ్లి, గెలిచిన సర్పంచికి అభినందన, పోయినవాళ్లకు నివాళి... ఈ ఊరి సంతోషమైనా ఏడుపైనా ముందు నా కంప్యూటర్ మీదికే వస్తుంది. నాకు ఈ పని మీద ఎప్పుడూ విసుగు రాలేదు. మనుషులు ఒకరి గురించి ఒకరు మంచి మాట రాయించుకోవడానికి నా దగ్గరికి వస్తారు, అంతకంటే ఏం కావాలి?

మా పని బటన్ నొక్కితే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఫొటోలోంచి మనిషిని అంచు వెంబడి జాగ్రత్తగా విడదీయడాన్ని కటౌట్ అంటాం. అలా తీసిన బొమ్మలను ఒకదాని మీద ఒకటి పరుస్తాం, ఒక్కో పొరను లేయర్ అంటాం. ఒకరి ముఖం ఇంకొకరి ఒంటికి అతికించినప్పుడు మెడ దగ్గర రంగు కలవాలి. అక్కడ తేడా కొడితే ఎంత గొప్ప ఫ్లెక్సీ అయినా నవ్వులపాలే.

ఆ రోజు వచ్చినవాడు రాజేశం. సాంచాల మీద పనిచేసే మనిషి. సొంతూరు గంభీరావుపేట. తండ్రి కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు, కొడుకులు ఆ పని వదిలి తలా ఒక దారి పట్టారు. రాజేశం కుర్చీలో కూర్చుని ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అన్నాడు.

"అన్నా, మా పద్మను గాల్లె ఎగురుతున్నట్టు చెయ్యాలె."

పద్మ అతని భార్య. మూడేళ్ల కిందట రాజేశం వాళ్ల అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచం మీది మనిషికి తినిపించడం, కడగడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, కాలూ చెయ్యీ ఆడించడం, అన్నీ పద్మే. వారం కిందట ఆ పెద్దావిడ వాకర్ పట్టుకుని మంచం దగ్గర నుంచి వాకిలి దాకా తనంతట తాను నడిచింది. ఆ సంబరానికి ఆదివారం దావత్ పెట్టుకున్నారు.

"మొన్న పోరగాండ్లతోని జగిత్యాల్ల సినిమా సూసిన. అండ్ల ఒకామె పడిపోతున్న బిల్డింగును ఒంటిచేత్తోని ఆపింది. మా పద్మ చేసింది గూడ గంతే గదన్నా! నాకు మాటలతోని చెప్పరాదు. నువ్వే చెప్పాలె" అన్నాడు. అంటూంటే కళ్లు తడి అయ్యాయి. నాకు ఆ మనిషి మీద అప్పుడే ఇష్టం కలిగింది. భార్యకు కృతజ్ఞత చెప్పడానికి ఇంత ఆరాటపడే మొగుళ్లు నా దుకాణానికి ఎందరొచ్చారు గనక!

డిజైన్ అతనే చెప్పాడు. పైన పద్మ, వెనక గాలికి ఎగిరే ఎర్ర గుడ్డ. కింద కుటుంబమంతా తలలెత్తి ఆమెను చూస్తూ ఉండాలి. చిక్కేమిటంటే, తలెత్తి చూసే ఫొటో ఎవరికీ ఉండదు. అందరూ కెమెరా వైపే చూస్తారు. "మీదికి చూస్తూ తలా ఒక సెల్ఫీ పంపమని చెప్పు" అన్నాను. కోరుట్లలో బండ్ల రిపేరు షాపు నడిపే తమ్ముడు మల్లేశం ఫ్యాను వైపు చూస్తూ నోరు తెరిచి ఒకటి పంపాడు. జగిత్యాలలో ఉండే చెల్లెలు సుజాత మిద్దెక్కి ఎండకు కళ్లు చికిలించి ఒకటి పంపింది. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి పట్టింది. పద్మ ముఖం మాత్రం ఇంట్లో దిగిన ఫొటోలోంచి తీసుకున్నాను. అందులో ఆమె అత్త భుజం మీద చెయ్యి వేసుకుని ఉంది. ఎగిరే ఒంటికి ఆ చెయ్యి పనికిరాదని వదిలేశాను.

ఇలాంటి బొమ్మలు చేయడానికి నేను సూపర్ హీరో సినిమాలు చాలానే చూశాను. డబ్బింగ్ అయి వచ్చినవి ఒక్కటీ వదల్లేదు. వాటిలో మామూలు జనానికి ఉండే పనల్లా అరవడం, పరుగెత్తడం, చివర్లో తలెత్తి చప్పట్లు కొట్టడం. హీరోకు దెబ్బ తగులుతుంది. తర్వాతి సీనులో కట్టు ఉంటుంది. ఆ కట్టు ఎవరు కట్టారో, రాత్రంతా పక్కన ఎవరు కూర్చున్నారో చూపించరు. హీరో తల్లి ఉంటే అన్నం వడ్డించి బెంగ పెట్టుకుంటుంది, అంతే. పిల్లలతో పాటు నేనూ ఈల వేసి చూసినవాణ్నే కాబట్టి తప్పు పట్టడం లేదు. అయినా, అదే లెక్కన ఇంట్లోవాళ్ల బొమ్మ గీస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తట్టలేదు.

ఆదివారం ఫ్లెక్సీ కట్టడానికి నేనే వెళ్లాను. రాజేశం రమ్మని మరీ మరీ చెప్పాడు. వాకిట్లో టెంటు, లోపల మటన్ ఉడుకుతున్న వాసన. పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టారు. నేను స్టూలెక్కి తాడు బిగిస్తుండగా పద్మను వంటింట్లోంచి పిలిచారు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పైకి చూసి పకపకా నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మా వదినె నిజంగనే సూపర్ ఉమన్. గీ పని మాతోనైతదా?" అంది సుజాత.

"వదినె ఉన్నదంటె మాకు ఫికరే లేదు" అన్నాడు మల్లేశం.

పద్మ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"నీతోని ఎందుక్కాదు, సుజాతా?" అంది. గొంతు పెంచలేదు. "నేనేమన్న ఎగురుతున్ననా? అత్తను లేపినప్పుడల్ల నడుం పట్టుకుంటాంది. బరువు లేపద్దని డాక్టరు చెప్పిండు. నేను లేపకపోతె ఎవలు లేపుతరు?"

రాజేశం బిత్తరపోయాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. 'నీకేమైతది, నువ్వు గట్టిదానివి' అన్నవు. గట్టిదాన్ని గట్టిదాన్ని అనుకుంట అందరు నాకే వదిలేసిండ్రు. గీ బొమ్మల గూడ గంతే. నేనొక్కదాన్నే మీద, మీరంత కింద నోర్లు తెరుసుకొని సూస్తున్నరు. ఒక్కలన్న చెయ్యి అందిస్తున్నరా, సూడుండ్రి!"

నేను స్టూలు మీదే నిలబడి నా బొమ్మ వంక చూశాను. నిజంగానే కింద ఒక్కరికీ చేతులు లేవు. సెల్ఫీల్లో చేతులు రావు కదా, ఛాతీ దగ్గర కోసి వరసగా పేర్చాను. ఇంత చేయి తిరిగిన పనివాణ్నని చెప్పుకునే నేను, చేతుల్లేని మనుషులను అన్ని అడుగుల ఫ్లెక్సీ మీద నిలబెట్టి, మురిసిపోయి తెచ్చి కట్టాను.

కుర్చీలో పెద్దావిడ ఏడుపు మొదలుపెట్టింది. మాట ఇంకా పూర్తిగా తిరగని నోటితో, "నా తోనే... గీ బాధంత... నన్ను ఏడన్న పారెయ్యుండ్రి" అంది. దావత్ చెడిందనే అనుకున్నాను. దావత్ సంగతి సరే, ఈ ముసలామె మళ్లీ మంచం పట్టి లేవనంటే ఎలా అని నాకు భయం వేసింది.

పద్మ వెళ్లి ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది. "నీ మీద కోపం గాదత్తా. నిన్ను సూసుకునుడు నాకు కష్టం గాదు. ఒక్కదాన్నే సూసుకునుడు కష్టం" అంది.

మల్లేశం తల్లి వైపు చూసి, "అవ్వను నెలకొకలం తీస్కపోదామా?" అన్నాడు.

"వద్దు. అవ్వను మూట లెక్క తిప్పద్దు. నడక ఇప్పుడిప్పుడే వస్తాంది. మీరే రాండ్రి" అంది పద్మ.

అన్నం ముందు కూర్చునే తేల్చుకున్నారు. సుజాత ప్రతి నెలా ఒక వారం వచ్చి ఉంటానంది. మల్లేశం ఆదివారాలు షాపు మూసి వస్తానన్నాడు. రాజేశం లేచి తల్లి వెనక్కి వెళ్లి, "ఎట్ల లేపాలె, సూపియ్యి" అని పెండ్లాన్ని అడిగాడు. ఆమె చూపించింది. మొదటిసారి అతనికి సరిగ్గా రాలేదు, పెద్దావిడ ఏడుపులోనే నవ్వింది. ఫ్లెక్సీ విప్పేస్తానని నేను స్టూలు ఎక్కబోతే పద్మే ఆపింది. "ఉండనియ్యన్నా, పోరగాండ్లు ముచ్చటపడ్డరు" అంది. నాకు మటన్ కూడా ఆమే కొసరి కొసరి వడ్డించింది.

వానలు వెనకబట్టాక ఒక రోజు పద్మ ఒక్కతే దుకాణానికి వచ్చింది. నడుము తగ్గుముఖం పట్టిందట. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించి, ఫ్రేమ్ కట్టి ఇవ్వమంది. మధ్యాహ్నం వేళ ఇంట్లో రాజేశం తీసిన ఫొటో అది. సుజాత తల్లికి తల దువ్వుతోంది. మల్లేశం కింద కూర్చుని తల్లి పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఆడిస్తున్నాడు. పక్కన బకెట్టు, తడి తువ్వాలు, మందుల డబ్బా. పద్మ ఎక్కడా కనిపించలేదు.

"నువ్వేదమ్మా?" అని అడిగాను.

ఆమె వేలితో మూల చూపించింది. గోడ వారగా చాప మీద, అటు తిరిగి, ముఖం కూడా కనిపించకుండా పడి నిద్రపోతున్న మనిషి.

అలవాటు కొద్దీ నేను మౌస్ పట్టుకుని, "బకెట్టు తీసేసి, నిన్ను కొంచెం ముందుకు తెస్తా" అన్నాను.

"ఏం తియ్యకు, ఏం జరపకు. పగటీలి నేను గట్ల పండుకోక మూడేండ్లాయె. నాకు గదే కావాలె" అంది.

ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీసి ఇచ్చాను. నా చేతుల మీదుగా పోయిన బొమ్మల్లో నేను ఒక్క చుక్క కూడా ముట్టుకోనిది అదొక్కటే. అంతకంటే మంచి పని నేను చేసిందీ లేదు.

ఎవరినైనా ఆకాశానికి ఎత్తేయడం నాకు చాలా తేలిక, అరగంట పని. ఎత్తేసిన తర్వాత ఆ మనిషికి సాయం అక్కర్లేదని అందరం నిశ్చింతగా ఉంటామని నాకు పద్మే నేర్పింది. ఇప్పుడు ఎవరైనా తల్లినో భార్యనో అలా ఎగిరేట్టు చేయమంటే చేసిస్తాను, కానీ ముందు ఒక మాట అడుగుతాను: "ఆమెకు ఆసరా ఎవరు?" కొందరు ఆలోచనలో పడతారు. కొందరు నీకెందుకని పక్క దుకాణానికి పోతారు. పోనీ.

అదే మాట ఒకసారి ఇంట్లో నా భార్యను అడిగాను. మా నాన్న షుగర్ పేషెంటు. ఆమె చేస్తున్న పని ఆపి నా వైపు చూసి, "ఇన్నేండ్లకు అడిగినవు" అంది. మర్నాటి నుంచి నాన్నకు పొద్దుటి ఇన్సులిన్ నేనే ఇస్తున్నాను. ఆ వేళకు నా భార్య అరుగు మీద కూర్చుని చాయ్ వేడిగా తాగుతుంది. లోపలి నుంచి ఆమెను చూసినప్పుడల్లా పద్మకు మనసులో దండం పెట్టుకుంటాను.